నీరు పల్లమెరుగు

వేసవి చివరి రోజులు. సంవత్సరం 2023 అనుకోండి. పొద్దున్న ఏడున్నరకే ఎండ చురుక్కుమంటోంది. మీరు నిలబడ్డది డెల్టాలోని ఓ చిన్న మున్సిపాలిటీలో, రైల్వే గేటు అవతలి వీధిలో. ఊరి పేరుతో పనిలేదు. తెనాలి నుంచి పాలకొల్లు దాకా ఏ పట్టణం శివారుకు వెళ్ళినా ఇలాంటి వీధి ఒకటి తగులుతుంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఇళ్ళ గడపలు జానెడు కిందికి దిగిపోయాయి. రెండు పక్కలా కచ్చా కాలువ. అందులో నీళ్ళు నల్లగా, ఎటూ కదలకుండా నిలబడి ఉన్నాయి.

"సార్, ఈ కొస కాస్త పట్టుకోండి" అని మున్సిపల్ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) టేపు మీ చేతిలో పెట్టి అవతలికి నడిచిపోతాడు. వార్డు సచివాలయం ఎమినిటీస్ సెక్రటరీ, పాతికేళ్ళ అమ్మాయి, పక్కనే నిలబడి అంకెలు రాసుకుంటుంది. 2019 అక్టోబర్ 2న సచివాలయాలు మొదలయ్యాక ఏఈలకు వీధి స్థాయిలో ఈ చేదోడు దొరికింది. అంతకుముందు టేపు రెండో కొస పట్టుకునేది ఎక్కువగా కాంట్రాక్టరు మనిషే.

గడప మీద కూర్చుని గోంగూర ఒలుస్తున్న మామ్మగారు తలెత్తుతుంది. "ఏం బాబూ, మళ్ళీ కొలతలేనా? కట్టేదేమన్నా ఉందా ఈసారి?"

"ఉంది మామ్మగారూ. ఈసారి మీ వార్డుకి పడింది."

పట్టణానికి నిధులు వస్తే ముందుగా జరిగే లెక్క అదే. ఇన్ని లక్షలు, ఇన్ని వార్డులు, వార్డుకింత. అలా పంచకపోతే కౌన్సిల్లో కుర్చీలు లేస్తాయి. ఈ వార్డు వాటాకు ఈ వీధి డ్రైను వచ్చింది. పొడవు 230 మీటర్లు, రెండు వైపులా.

ఏఈ ముక్కాలి స్టాండు మీద ఆటో లెవెల్ బిగిస్తాడు. మీరూ ఒక కన్ను మూసి అందులోంచి చూస్తారు. దూరాన ఆ అమ్మాయి నిలబెట్టిన స్టాఫ్ మీద ఎర్ర నల్ల గీతలు కనిపిస్తాయి. డెల్టా నేల అరచేయిలా చదును. ఈ చదునే ఇక్కడి ఇంజినీర్లకు పెద్ద తలనొప్పి. డ్రైనుకు 500 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు ఇవ్వాలంటే 230 మీటర్లలో అడుగు 46 సెంటీమీటర్లు దిగాలి. నేల తనంతట తాను దిగింది అందులో సగం కూడా లేదు. మిగతాది తవ్వి తేవాలి. కింది కొసకు వచ్చేసరికి డ్రైను బాగా లోతుకు పోతుంది.

ఆ కింది కొసకు మీరూ నడుస్తారు. ఒక కరెంటు స్తంభం దగ్గర ఏఈ ఆగి, టేపు చుట్టేస్తాడు. ఈ నీళ్ళు చేరాల్సిన మేజర్ డ్రైను అక్కడ లేదు. ఇంకో 90 మీటర్ల అవతల, ఇంకో వీధిలో ఉంది.

"మరి ఇక్కడే ఆపేశారేం?"

"వార్డు హద్దు ఇదే సార్. అవతలిది వాళ్ళ అలాట్‌మెంట్‌లో పెట్టుకోవాలి."

"అప్పటిదాకా నీళ్ళు?"

ఏఈ నవ్వి ఊరుకుంటాడు. జవాబు తెలియక కాదు. జవాబివ్వాల్సింది తాను కాదని.

పదింటికి ఆఫీసు. ఇంజినీరింగ్ సెక్షన్‌లో కంప్యూటరు ముందు ఎస్టిమేటు తయారవుతోంది. ప్రతి అంకెకూ ఒక మూలం ఉంటుంది. మట్టి తవ్వకం, కంకర, కాంక్రీటు, సెంట్రింగ్, దేనికెంత ఇవ్వాలో ఆ ఏడాది ప్రామాణిక ధరల పట్టిక (ఎస్ఎస్ఆర్) చెబుతుంది. ఇసుక ర్యాంపు ఎన్ని కిలోమీటర్లు, కంకర క్వారీ ఎన్ని కిలోమీటర్లు అన్న దాన్నిబట్టి లీడు (రవాణా) ఛార్జీలు కలుస్తాయి. ఆపైన జీఎస్టీ 18 శాతం, కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం. గల్లీ డ్రైను కాస్తా పేజీల కొద్దీ పట్టికలవుతుంది. మొత్తం రూ.20 లక్షలు తేలింది. అంత పట్టికలోనూ మీరు పొద్దున్న అడిగిన ప్రశ్నకు గడి లేదు. పని పొడవు రాయడానికి గడి ఉంది. నీళ్ళు చివరికి ఎందులో పడతాయో రాయడానికి లేదు.

డబ్బు సంగతీ ఇక్కడే తెలుస్తుంది. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతానికి ముందే కళ్ళెం వేసి ఉంది. అది తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగిలిన 40 శాతంతోనే కౌన్సిల్ తన ఇష్టం నడుపుకోవాలి. అదీ జీతాలకు వాడకూడదు. ఇది కాక ఆస్తిపన్ను, నీటి పన్ను, దుకాణాల అద్దెలతో వచ్చే సాధారణ నిధి ఉంటుంది. దానిమీద వీధి దీపం దగ్గర్నుంచి బ్లీచింగ్ పౌడరు దాకా అందరి చూపూ ఉంటుంది.

మరి కొన్నాళ్ళకు, ఉదయం పదిన్నర. కౌన్సిల్ హాలు. గోడమీద గాంధీ, అంబేద్కర్. వేదిక మీద చైర్‌పర్సన్, ఆమె పక్కన కమిషనర్. ఎదురుగా గుర్రపునాడా ఆకారంలో బల్లలు. సీట్లలో సగానికి సగం మహిళలు. చట్టం వారికి 50 శాతం కేటాయించింది. మీకు వెనక, విలేకరుల వరసలో ఒక కుర్చీ దొరికింది. తలుపు అవతల వరండాలో కొందరు మగవాళ్ళు ఫోన్లు చేతపట్టుకుని పచార్లు చేస్తున్నారు. వాళ్ళు కౌన్సిలర్లు కారు, కౌన్సిలర్ల భర్తలు. లోపల గొంతు పెరిగినప్పుడల్లా తలుపు సందులోంచి ఒక మొహం కనబడి మాయమవుతుంది.

మీ ఒళ్ళో ఎజెండా పుస్తకం ఉంది. సభ్యులకు మూడు రోజుల ముందే పంపారు. పంప్‌హౌస్ మోటారు మరమ్మతు ఖర్చుకు ర్యాటిఫికేషన్. దోమల మందు కొనుగోలు. మార్కెట్ దుకాణాల లీజు పొడిగింపు. ప్రతి అంశం చివరా ఒకే మాట: కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం. పుస్తకం సరిగ్గా చదివితే ఊరి జబ్బులన్నీ అందులో కనిపిస్తాయి. ఏ మోటారు పదేపదే కాలిపోతోంది, ఏ పనికి పదేపదే గడువు పెంచుతున్నారు, ఏ ఖర్చు ముందు పెట్టేసి ఆమోదానికి తర్వాత వస్తోంది, అన్నీ.

సభ మొదలవకముందే గుమస్తా ఇంకో రెండు కాగితాలు అందరి ముందూ పెట్టి వెళతాడు. టేబుల్ ఎజెండా. ప్రతిపక్ష సభ్యుడు కుర్చీలోంచి లేస్తాడు.

"మేడం, ఇదేంటండీ? ఇప్పటికిప్పుడు ఇచ్చి ఇప్పుడే ఒప్పుకోమంటే మేం ఎప్పుడు చదవాలి?"

"అర్జంటు అంశాలండీ. వర్షాలొస్తున్నాయి."

"వర్షాలు ప్రతి ఏడాదీ వస్తాయి మేడం! కొత్తగా ఈ ఏడే వస్తున్నాయా?"

నవ్వులు, బల్లలు చరిచిన చప్పుడు. గొడవ అక్కణ్ణుంచి చెత్త పన్ను మీదికి మళ్ళుతుంది. 2021లో మొదలైన ఈ వసూలు పేరెత్తితే చాలు, హాలు రెండుగా చీలిపోతుంది. ఇంటికి చెత్త బండి రాకపోయినా పన్ను అడుగుతున్నారని ఒకరు, బండ్లకు డీజిలు ఎక్కణ్ణుంచి తేవాలని మరొకరు. ముగ్గురు లేచి పోడియం దగ్గరికి వెళతారు. ప్లకార్డు ఒకటి పైకి లేస్తుంది.

మున్సిపాలిటీ పన్నుతో తెలుగువాళ్ళ తగువు పాతదే. 1919లో చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేస్తే, ఆ పన్నులు మోయలేమని జనం ఎదురుతిరిగారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్ళకు తాళాలు వేసి, మున్సిపల్ హద్దు అవతల రామనగరం పేరిట పాకలు వేసుకుని నెలల తరబడి ఉండిపోయారు. ఏ సేవ ఇస్తారో చెప్పకుండా ఎంత కట్టాలో చెప్పే ఆఫీసు మీద అప్పుడు వచ్చిన కోపమే ఈ హాల్లో ఇప్పుడు ప్లకార్డు పట్టుకుని నిలబడింది.

సభ పది నిమిషాలు వాయిదా. టీ, మిక్చరు పొట్లాలు వస్తాయి. ఇందాక వేళ్ళు చూపించుకున్న ఇద్దరూ కిటికీ దగ్గర ఒకే అగ్గిపుల్లతో సిగరెట్లు వెలిగించుకుంటున్నారు. మళ్ళీ గంట మోగేసరికి ఎవరి కుర్చీల్లో వారు.

ఇక వేగం మొదలవుతుంది. గుమస్తా చదువుతున్నాడు. "అంశం నంబరు తొమ్మిది..." "ఆమోదం." "అంశం నంబరు పది..." "ఆమోదం, ఆమోదం." ఇందాక అరగంట అరుపులకు పోయిన సభ ఇప్పుడు నిమిషానికొక తీర్మానం చేస్తోంది. లక్షల రూపాయలు ఈ వేగంలోనే దాటిపోతాయి. విలేకరుల పెన్నులు ఆగిపోయాయి. రేపటి పేపరుకు కావలసిన ఫొటో పోడియం దగ్గరే దొరికేసింది. మీరు మాత్రం ఇప్పుడే చెవులు రిక్కించాలి.

"అంశం నంబరు పద్నాలుగు. రైల్వే గేటు అవతలి వీధిలో సీసీ డ్రైన్ల నిర్మాణం. అంచనా విలువ రూ.20 లక్షలు. కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం."

"ఆమోద—"

"ఒక్క నిమిషం మేడం."

లేచింది పక్క వార్డు కౌన్సిలరు. నలభై ఏళ్ళ ఆవిడ. ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఎజెండాలో ఆ పేజీ మడతపెట్టి ఉంది.

"ఈ డ్రైను నీళ్ళు ఎందులో కలుస్తాయండీ?"

మున్సిపల్ ఇంజినీరు లేస్తాడు. "మేజర్ డ్రైన్‌లో కలుస్తాయి మేడం."

"మేజర్ డ్రైను మా వార్డులో ఉంది. మీ ఎస్టిమేటు స్తంభం దగ్గర ఆగిపోయింది. మధ్యలో 90 మీటర్లు ఎవరు కడతారు? ఇప్పుడు వాళ్ళ వీధిలో నిలబడ్డ మురుగు రేపు మా వీధిలో నిలబడుతుంది. దానికి ఇరవై లక్షలా?"

హాలు సద్దుమణుగుతుంది. తలుపు సందులో మొహం కనిపిస్తుంది. ఆమె అటు చూడదు.

డ్రైను పడ్డ వార్డు కౌన్సిలరుకు ముందు కోపం వస్తుంది. "మా పని ఆపాలని చూస్తున్నారా?" ఆమె తగ్గదు. "ఆపమనట్లేదన్నయ్యా. పూర్తిగా కట్టమంటున్నా." ఇంకో సభ్యుడు లేచి, ఆ 90 మీటర్లకు డబ్బు తన వార్డు వాటాలోంచి తీయొద్దని ముందే చెబుతాడు. అవును, అసలు తగువు అక్కడే ఉంది. నీరు పల్లమెరుగు అన్నారు. కౌన్సిల్ ఎరిగింది వార్డునే. వార్డుకింత అని పంచడం న్యాయంగానే కనిపిస్తుంది, గొడవ కూడా రాదు. కానీ అలా పంచిన డబ్బుతో ఊరు నిండా ముక్కలు ముక్కలుగా డ్రైన్లు తయారవుతాయి. ఒక్కో ముక్కా బాగానే ఉంటుంది, శిలాఫలకం కూడా ఉంటుంది. నీళ్ళు మాత్రం ముక్కకూ ముక్కకూ మధ్య ఆగిపోతాయి.

చైర్‌పర్సన్ కమిషనర్ వైపు వంగుతారు. కమిషనర్ మేనేజరు వైపు. సాధారణ నిధిలో ఎంత ఉందో చూస్తారు. ఐదు నిమిషాల గుసగుసల తర్వాత తీర్మానం మారుతుంది: పనిని మేజర్ డ్రైను దాకా పొడిగిస్తూ అంచనా రూ.25 లక్షలకు సవరించడమైనది. అదనపు మొత్తం సాధారణ నిధుల నుంచి. "ఆమోదం" అన్న మాట ఈసారి కాస్త నెమ్మదిగా వినిపిస్తుంది.

ఈ గోల లేని రోజులూ ఈ హాలు చూసింది. 2005లో ఎన్నికైన కౌన్సిళ్ళ గడువు 2010లో తీరింది. మళ్ళీ ఎన్నికలు 2014లో జరిగాయి. వాటి గడువు 2019లో తీరితే, ఆ తర్వాతి పోలింగు 2021 మార్చిలో. ఆ ఖాళీ ఏళ్ళల్లో ప్రత్యేకాధికారులే కౌన్సిల్. 1992లో 74వ రాజ్యాంగ సవరణ ఐదేళ్ళకోసారి ఎన్నికలు జరపాలని చెప్పినా అంతే. పోడియం దగ్గర ఎవరూ అరవలేదు, ఫైళ్ళు చప్పుడు లేకుండా కదిలాయి. ఆ 90 మీటర్ల గురించి అడగడానికి లేచే కుర్చీ కూడా లేదు. అరుపుల సభను చూసి విసుక్కునేవారు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

తర్వాతి మజిలీ టెండరు. ఇక్కడ చూడటానికేమీ ఉండదు. ఒక గది, ఒక కంప్యూటరు, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (డీఈ) చేతిలో డిజిటల్ సంతకం. 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ రాకముందు ఇదే ఆవరణలో తాళం వేసిన టెండరు పెట్టె ఉండేది. గడువు రోజున గేటు దగ్గర మనుషులు కాపు కాసేవారు. అనుకున్నవాడు తప్ప ఇంకొకడు లోపలికి రాకుండా. ఇప్పుడు ఇంట్లో కూర్చుని బిడ్ వేయొచ్చు. గేటు దగ్గర కాపు పోయింది. ఫోన్లు మాత్రం ఉన్నాయి.

లెక్క సూటిగానే ఉంటుంది. టెండరు విలువ రూ.25 లక్షలు అనుకుందాం. బిడ్‌తో పాటు 1 శాతం, అంటే రూ.25 వేలు బయానా డిపాజిట్ (ఈఎండీ) కట్టాలి. అంచనా మీద 5 శాతం ఎక్సెస్ దాటితే బిడ్ చెల్లదు. 25 శాతానికి మించి లెస్‌కు (తక్కువకు) వేస్తే, ఆ 25 శాతం దాటిన తేడాకు అదనపు సెక్యూరిటీ పెట్టాలి. ప్రైస్ బిడ్లు తెరుచుకుంటాయి. ముగ్గురు. ఒకరు 2 శాతం లెస్, ఇంకొకరు 3. మూడో అతను 18 శాతం లెస్. పని రూ.20.5 లక్షలకు అతనిది.

డీఈ కుర్చీలో వెనక్కి వాలతాడు. బిడ్లన్నీ 5 శాతం ఎక్సెస్ గీతకు దగ్గర దగ్గరగా గుంపుకడితే రింగయ్యారని, అంటే ముందే కూడబలుక్కున్నారని అందరికీ తెలుస్తుంది. మరీ లోతు లెస్ పడితే అది ఇంకో రకం ప్రశ్న: మిగిలిన నాలుగున్నర లక్షలు కాంట్రాక్టరు ఎక్కణ్ణుంచి రాబట్టుకుంటాడు?

వరండాలో ఆ కాంట్రాక్టరే కనిపిస్తాడు. చేతిలో హెల్మెట్, చొక్కా జేబులో రెండు పెన్నులు. మీరు అదే అడుగుతారు.

"పక్క వీధిలో నాదే ఇంకో పని నడుస్తోంది సార్. మిల్లరు, సెంట్రింగ్ బాక్సులు అన్నీ అక్కడే ఉన్నాయి, అందుకని గిట్టుబాటే. కానీ ఒక మాట చెప్తా. బిల్లు ఎప్పుడొస్తుందో తెలిస్తే ఇంకో రెండు శాతం తగ్గించి వేసేవాణ్ణి."

అతను వేలి కణుపుల మీద లెక్క చెబుతాడు. పెట్టుబడికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. బిల్లు ఆరు నెలలు ఆగితే అసలులో 12 శాతం వడ్డీకే పోతుంది. ఇరవై లక్షల మీద రూ.2.4 లక్షలు. ఆ డబ్బు ఎస్టిమేటులో ఏ వరసలోనూ ఉండదు. కానీ ఎవరో ఒకరు కట్టాలి. అతను కట్టుకోవాలి, లేదా సిమెంటు కట్టాలి. మంచి పేరున్న కాంట్రాక్టర్లు మున్సిపల్ పనులకు రాకపోవడానికి కారణం వెతకాలంటే అవినీతి దాకా పోనక్కర్లేదు. ముందు ఈ వడ్డీ లెక్క చూస్తే చాలు.

మళ్ళీ ఆ వీధి. తవ్వకం అయిపోయింది. అడుగున బెడ్ పోసి ఆరింది. ఇవాళ గోడలు పోస్తున్నారు. మిల్లరు చప్పుడుకు మీ మాట మీకే వినపడదు. ఇద్దరు కంకర తట్టలు ఎత్తుతుంటే ఒకతను సిమెంటు బస్తా కోసి కుమ్మరిస్తాడు. బూడిదరంగు ధూళి మీ కనురెప్పల మీద కూడా పేరుకుంటుంది.

"ఇంకో బకెట్టు పొయ్యరా, జారట్లేదు" అని మేస్త్రి కేకేస్తాడు.

కాంక్రీటు జారకపోతే పని కష్టం. అందుకే నీళ్ళు ఎక్కువ పోస్తారు. కాంక్రీటుకు అన్నిటికన్నా తేలిగ్గా జరిగే ద్రోహం ఇదే. డబ్బు ఖర్చు లేదు, దొంగతనమనీ అనిపించదు. ఎక్కువైన నీళ్ళు ఆవిరైపోయాక వాటి చోట కంటికి కనపడని గుల్లలు మిగులుతాయి. ఏఈ బండి ఆపీ ఆపకముందే "బకెట్టు దించు" అంటాడు. రెండు ఇనప అచ్చుల్లో కాంక్రీటు నింపించి, మీద మేకుతో తేదీ గీస్తాడు. 15 సెంటీమీటర్ల ఘనాలు. 28 రోజుల తర్వాత ప్రెస్సులో పెడితే ఎం-20 కాంక్రీటు ఘనం సుమారు 45 టన్నుల బరువు దాకా పగలకుండా ఓర్చుకోవాలి.

ఇంతలో వీధి మధ్యలో పని ఆగుతుంది. ఒక ఇంటి అరుగు డ్రైను లైనులోకి రెండడుగులు వచ్చి ఉంది. ఇంటాయన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. "మా నాన్న కట్టింది. దీన్ని ముట్టుకుంటే ఊరుకోను." ఏఈ టౌన్ ప్లానింగ్ వాళ్ళకు ఫోన్ చేస్తాడు. ఇంటాయన ఇంకెవరికో చేస్తాడు. పావుగంట తర్వాత ఏఈ ఫోనే మోగుతుంది. "సరే అండి... సరే అండి..." అంటూ దూరంగా నడిచి వెళ్ళి, తిరిగొస్తాడు. డ్రైను అక్కడ అరుగును చుట్టి వంకర తిరుగుతుంది. డ్రాయింగులో ఆ వంకర లేదు, తీర్మానంలోనూ లేదు. పూడిక ముందుగా పేరుకునేది అక్కడే. వానాకాలంలో పారిశుధ్య కార్మికుడు మోకాలి లోతున దిగి తీయాల్సిందీ అక్కడే. మున్సిపాలిటీలో కొన్ని నిర్ణయాలకు ఎజెండా నంబరు ఉండదు.

సెంట్రింగ్ విప్పాక ఏఈ గోడ మందం కొలుస్తాడు. డ్రాయింగులో 15 సెంటీమీటర్లు. బాక్సు కాస్త లోపలికి బిగిస్తే 12 వస్తుంది. మూడు సెంటీమీటర్లు చూపుకు ఆనవు. ఈ వీధి వరకే చూసినా నాలుగు గోడలు, ఒక్కోటి 230 మీటర్లు, ఎత్తు 60 సెంటీమీటర్లు. లెక్కేస్తే పదహారున్నర ఘనపు మీటర్ల కాంక్రీటు మాయమైనట్టు. అందులో దాదాపు 130 బస్తాల సిమెంటు. టేపు పట్టినవాడు వంగడానికి బద్ధకిస్తే అంత సొమ్ము దాటిపోతుంది. ఇవాళ ఏఈ వంగాడు. ఒకచోట 13 వచ్చింది. "ఈ బిట్టు పగలగొట్టి పొయ్యి" అన్నాడు. మేస్త్రి మొహం మాడిపోయింది. పక్కింటివాళ్ళు నలుగురూ చూస్తున్నారు కాబట్టి అనగలిగాడేమో కూడా. చూసేవాళ్ళుంటే ఏఈకి అది బలమే.

ఇక మిగిలింది ఎం-బుక్. సాదా అట్ట వేసిన కొలతల పుస్తకం. ప్రతి పేజీకీ నంబరు. కొట్టివేతలకు పొట్టి సంతకం తప్పనిసరి. చెరపడం, దిద్దడం కుదరదు. పొడవు, వెడల్పు, లోతు, మొత్తం. ఏఈ రాస్తాడు, డీఈ కొన్ని కొలతలు మళ్ళీ వేసి చెక్ మెజర్‌మెంట్ సంతకం పెడతాడు. ఆ తర్వాత క్వాలిటీ రిపోర్టు, బిల్లు, కమిషనర్ సంతకం. 2018 నుంచి బిల్లు రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లోకి ఎక్కుతుంది. ఇక ఊళ్ళో ఎవరినడిగినా జవాబొక్కటే: "అప్‌లోడ్ చేశామండీ."

కౌన్సిల్లో ఎంత అరిచినా, టెండర్లో ఎంత లెస్ పడినా, చివరికి డబ్బు కదిలేది ఈ పుస్తకంలో రాసిన కొలతను బట్టే. పది మంది చూసే సభలో పడేది అంచనా. ఇద్దరే సంతకం చేసే పుస్తకంలో తేలేది అసలు డ్రైను. అయితే ఈ పుస్తకం మీకు మూసి లేదు. 2005 సమాచార హక్కు చట్టం కాగితాల నకళ్ళు ఇవ్వమని చెప్పి ఆగలేదు. జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడుతున్న సామగ్రి నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఇచ్చింది. ఈ వీధిలో టేపు పట్టుకునే హక్కు ఏఈ మర్యాదకు ఇచ్చింది కాదు. చట్టం మీకు ముందే ఇచ్చింది.

కాంట్రాక్టరు ప్రతి బిల్లులోనూ 7.5 శాతం మున్సిపాలిటీ పట్టి ఉంచుతుంది. ఈ పనికి అది లక్షన్నర పైమాటే. లోపం బయటపడితే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో సరిచేయాల్సిన గడువు రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో డ్రైను గోడ పగిలిందనో, నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయనో ఎవరూ కాగితం ఇవ్వకపోతే, పట్టిన డబ్బు తిరిగి అతని ఖాతాకే వెళ్ళిపోతుంది. ఆ మర్నాడు అదే పగులు కొత్త ఎస్టిమేటు అవుతుంది, కొత్త ఎజెండా అంశం అవుతుంది, వార్డు వాటాలో ఇంకో ముక్క అవుతుంది. పని పూర్తయిన తేదీ ఎం-బుక్‌లో ఉంటుంది. దాన్ని రాసిపెట్టుకుని, మొదటి వానకు ఒకసారి, రెండో ఏడు వానకు ఒకసారి గొడుగు పట్టుకుని స్తంభం నుంచి మేజర్ డ్రైను దాకా నడిచి చూడండి. నీళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఫొటో తీసి, కమిషనర్ పేరున ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మీ వార్డు కౌన్సిలరుకు ఒక నకలు, పక్క వార్డు కౌన్సిలరుకు ఇంకో నకలు. రెండోది మర్చిపోవద్దు.